విస్తరాకులో పడుకోబెట్టిన బిడ్డ

మొన్న ఏప్రిల్‌లో మా పాప వీపు మీద మొదటి పొక్కు కనిపించిన రాత్రి నేను డాక్టర్‌కి ఫోన్ చేశాను, మా అమ్మేమో ఊళ్ళో ఉన్న పిన్నికి ఫోన్ చేసింది. ఏ మందు వెయ్యాలి, స్కూల్‌కి ఎన్ని రోజులు పంపకూడదు అని నేను అడిగాను. పోలేరమ్మ గుడి పక్కన వేపచెట్టు ఇంకా ఉందా, రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారా అని అమ్మ అడిగింది. ఉందట. ఆ మాట విన్నాక గానీ అమ్మ మంచినీళ్ళు కూడా తాగలేదు.

మేముండేది విజయవాడ సత్యనారాయణపురంలో, మూడో అంతస్తులో. తెల్లారేసరికి గుమ్మానికి వేపమండలు, పాప పక్క కింద వేపాకు. ఆ పదకొండు రోజులూ మా వంటింట్లో తాలింపు చిటపట వినపడలేదు, కోడిగుడ్డు కూడా గడప దాటి రాలేదు, ఎవరూ ఎవరి మీదా గొంతు పెంచలేదు. డాక్టర్ రాసిన మందు టైముకి వేస్తూనే ఉన్నాం, దురదకు లోషన్ రాస్తూనే ఉన్నాం. కానీ అమ్మ పాపతో మాట్లాడే తీరు మాత్రం పూర్తిగా మారిపోయింది. "ఏం కావాలి తల్లీ, చల్లగా పెరుగన్నం కలపనా తల్లీ" అని, ఎనిమిదేళ్ళ మనవరాలితో అన్నట్టు కాదు, ఆ పిల్ల ఒంట్లోకి వచ్చి కూర్చున్న ఇంకెవరితోనో అన్నట్టు.

జ్వరం వస్తుంది, దగ్గు పట్టుకుంటుంది, కడుపులో నొప్పి లేస్తుంది. ఇది మాత్రం అలా కాదు, "అమ్మవారు పోసింది" అంటాం. పోసింది ఎవరో చెప్పకుండా ఆ మాట పూర్తి కాదు. ఆటలమ్మ, అంటే పాపకి వచ్చిన ఈ పొక్కుల జబ్బు, తట్టమ్మ, అంటే తట్టు, ఇప్పుడు లేదు గానీ ఒకప్పుడు పెద్దమ్మవారు, అంటే మశూచి. జబ్బు పేరులోనే అమ్మ ఉంది. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే, కానీ పాప పక్కన వేపకొమ్మతో విసురుతూ కూర్చున్న ఆ రాత్రుల్లో మొదటిసారి ఆలోచించాను, పిల్లని ఇంత బాధ పెడుతున్న దాన్ని అమ్మా అని ఎందుకు పిలుస్తున్నాం అని. అప్పటి నుంచి దొరికినవల్లా చదువుతూనే ఉన్నాను. అందులో కొంత ఇక్కడ రాసుకోవాలనిపించింది.

ముందు మా నాయనమ్మ సంగతి చెప్పాలి. మా ఊరు చేబ్రోలు పక్కన ఒక పల్లె. నాయనమ్మకు మా నాన్న కంటే ముందు ఇద్దరు పుట్టారు, ఇద్దరూ ఒకే వేసవిలో పోయారు, పెద్దమ్మవారు పోసి. నాకు ఏడేళ్ళప్పుడు ఆటలమ్మ వస్తే నాయనమ్మ నా దగ్గరే పడుకుని ఆ సంగతి చెప్పింది. ఏడవలేదు, "పిల్లలు నిలవలేదే" అంది అంతే. మన వైపు ఆడవాళ్ళు ఆ మాటే అంటారు, చచ్చిపోయారు అనరు, నిలవలేదు అంటారు.

మూడోసారి నాన్న పుట్టాక మంత్రసాని ఒక పని చేసిందట. పుల్లాకు, అంటే ఎవరో తిని పారేసిన ఎంగిలి విస్తరాకు తెప్పించి, అందులో బిడ్డని పడుకోబెట్టి, పెరట్లో పెంటకుప్ప దగ్గర పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది. వెనకాలే పక్కింటి ఆవిడ వెళ్ళి, "ఎవరో బిడ్డని పారేశారు, నేను తెచ్చుకున్నాను, మీకు కావాలంటే కొనుక్కోండి" అని తెచ్చి ఇచ్చింది. నాయనమ్మ చేరెడు తవుడు ఇచ్చి కొనుక్కుంది. పుల్లయ్య, పెంటయ్య, తవిటయ్య లాంటి పేర్లన్నీ ఇలా పుట్టినవే. ఇది మా బిడ్డ కాదు, ఎవరికీ అక్కర్లేని బిడ్డ, నువ్వు ఎత్తుకుపోవాల్సినంత గొప్ప బిడ్డ కాదు తల్లీ అని అమ్మవారికి చెప్పడం. మా నాన్నకు బడిలో రాయించింది మంచి దేవుడి పేరే, ఊళ్ళో మాత్రం ఇప్పటికీ ఆ విస్తరాకు పేరుతోనే పిలుస్తారు.

ఇప్పుడు హారీతి కథ చెబుతాను. బౌద్ధ గ్రంథాల్లోది. మగధలో, అంటే ఇప్పటి బీహార్‌లో, రాజగృహం అనే ఊళ్ళో ఒక గొల్ల ఇల్లాలు, నిండు చూలాలు, మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని అమ్ముకోవడానికి బయలుదేరింది. దారిలో ఐదు వందల మంది ఉత్సవానికి పోతూ ఆమెను కూడా రమ్మన్నారు, ఆడమన్నారు. ఆ సందడిలో తానూ ఆడింది, కడుపు పోయింది. ఆమెను అక్కడే వదిలేసి అందరూ ఉత్సవానికి వెళ్ళిపోయారు. ఆమె ఆ మజ్జిగ ఇచ్చి ఐదు వందల మామిడిపళ్ళు కొని, దారిన వస్తున్న ఒక ప్రత్యేకబుద్ధుడికి, అంటే గురువు లేకుండా తనంతట తానే జ్ఞానం పొందిన మునికి, సమర్పించి మొక్కుకుంది: వచ్చే జన్మలో ఈ ఊళ్ళోనే పుట్టాలి, ఈ ఊరి పిల్లల్ని తినాలి.

ఆ మొక్కు దగ్గరకు రాగానే నేను చదవడం ఆపేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. రాక్షసి అని ఒక్క మాటలో తోసెయ్యకుండా, ఆమె అలా ఎందుకైందో ఎవరో ఆలోచించి రాశారు. కడుపు పోయిన మనిషిని ఊరంతా దారిలో వదిలేసి ఉత్సవానికి వెళ్ళిపోయింది, అందుకని.

మళ్ళీ పుట్టి యక్షిణి అయింది, ఐదు వందల మంది పిల్లల్ని కన్నది, ఊరి పిల్లల్ని ఒక్కొక్కరినే ఎత్తుకుపోయి తినేది. జనం బుద్ధుడితో మొరపెట్టుకున్నారు. ఆయన ఆమె అందరికంటే చిన్న కొడుకుని తన భిక్షాపాత్ర కింద దాచాడు. ఆమె పిచ్చిదానిలా లోకమంతా తిరిగి చివరికి ఆయన దగ్గరకే వచ్చింది. ఐదు వందల మందిలో ఒక్కడు కనపడకపోతేనే నీకు ఇంత దుఃఖంగా ఉంటే, ఒక్కడే ఉన్నవాళ్ళ సంగతేమిటి అని అడిగాడట. ఆమె పిల్లల్ని తినడం మానేసింది. మరి నాకూ నా పిల్లలకూ తిండి ఎలా అంటే, విహారాల్లో భిక్షువులు తినే ముందు రోజూ నీకో ముద్ద పెడతారని మాట ఇచ్చాడు. 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్, విహారాల వాకిట్లోనో భోజనశాల మూలనో చంకలో బిడ్డతో, మోకాళ్ళ చుట్టూ మరికొందరు పిల్లలతో హారీతి బొమ్మ ఉండేదని, రోజూ ఆమె ముందు అన్నం పెట్టేవారని రాశాడు. పిల్లలు లేనివాళ్ళు, పిల్లలకు జబ్బు చేసినవాళ్ళు ఆమెకే మొక్కుకునేవారట. పిల్లల్ని తిన్న ఆమె దగ్గరకే.

ఇదంతా ఎక్కడో మగధలో జరిగిన కథ అనుకోకండి. మన నాగార్జునకొండలో, పాత గుంటూరు జిల్లాలోనే, ఒకప్పుడు ఇక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి తవ్వకాల్లో హారీతి గుడి బయటపడింది. సాగర్ డ్యామ్ నీళ్ళలో ఆ లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా హడావిడిగా తవ్వి కాపాడుకున్న వాటిలో అదొకటి.

హారీతిని ఎప్పుడూ వినకపోయినా జరాసంధుడి కథ మన ఇళ్ళలో అందరికీ తెలుసు కదా. బృహద్రథుడికి ఇద్దరు భార్యలు, ముని ఇచ్చిన మామిడిపండుని చెరి సగం తిన్నారు, చెరి సగం బిడ్డని కన్నారు, ఆ ముక్కల్ని బయట పారేస్తే జర అనే రాక్షసి దగ్గరకు చేర్చగానే అతుక్కుని కేరుమని ఏడ్చాడు. ఇక్కడిదాకా అందరం చెప్పుకుంటాం. ఆ తర్వాత భారతంలో జర తన గురించి తానే చెప్పుకునే మాటలు మాత్రం ఎవరూ చెప్పరు. తాను ఇంటింటా ఉండే గృహదేవతననీ, తన బొమ్మని పిల్లలతో కలిపి గోడ మీద గీసుకుని భక్తిగా కొలిచే ఇల్లు వర్ధిల్లుతుందనీ ఆమె రాజుతో అంటుంది. మాంసం తినే రాక్షసి, పిల్లలతో సహా గోడ మీద బొమ్మ! ఊరు కూడా అదే, మగధ రాజధాని గిరివ్రజం, అంటే తర్వాతి రాజగృహం. రెండు కథల్లోనూ మామిడిపళ్ళే. హారీతి, జర ఒకే పాత ఊరి అమ్మవారి రెండు రూపాలేమో అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పూతనని కూడా ఇక్కడే తలుచుకోవాలి. విషం పూసుకుని పాలిచ్చి చంపడానికి వచ్చిన ఆడది, కృష్ణుడు ప్రాణంతో సహా తాగేశాడు, చివరికి ఆమెకు తల్లికి దక్కే గతే దక్కింది, శరీరం కాలుతుంటే అగరు వాసన వచ్చిందని భాగవతం చెబుతుంది. ఈ పూతన ఒక్క పురాణంలోనే లేదు. పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో పసిపిల్లల్ని పట్టే తొమ్మిది బాలగ్రహాల లెక్క ఉంది, అందులో పూతన, అంధపూతన, శీతపూతన అని మూడు ఈ పేరుతోనే ఉన్నాయి. అంటే వైద్యులు కూడా ఆ పేరుతో పిలిచారు, తల్లులు ఆ పేరుకి భయపడ్డారు. బాలారిష్టాలు అనే మాటని మనం ఇప్పుడు కొత్త వ్యాపారాల గురించీ కొత్త ప్రభుత్వాల గురించీ తేలిగ్గా వాడేస్తున్నాం, అది నిజంగా పసిబిడ్డల ప్రాణగండాల మాట.

అన్నిటికంటే నన్ను పట్టేసింది అరణ్యపర్వంలో కుమారస్వామి పుట్టుక ఘట్టం. ఆ బిడ్డని చూసి భయపడి ఇంద్రుడు లోకమాతల్ని పంపిస్తాడు, వెళ్ళి చంపి రమ్మని. వాళ్ళు వెళ్తారు. బిడ్డని చూడగానే వాళ్ళకు పాలు చేపుకొస్తాయి. చంపడానికి వచ్చినవాళ్ళే చుట్టూ చేరి, మమ్మల్ని నీ తల్లులుగా ఒప్పుకో అని బతిమాలుకుంటారు. అంతటితో ముగిస్తే బాగుండేది కానీ కథ అలా వదలదు, ఆ తల్లులకు, వాళ్ళతో ఉన్న గ్రహాలకు లోకంలోని పిల్లల మీద పదహారేళ్ళు వచ్చేదాకా అధికారం ఉంటుంది, పూజిస్తే కాపాడతారు. నాకు ఈ కథలోని నిజాయితీ చాలా గొప్పగా అనిపిస్తుంది. దేవతలు వచ్చారు కాబట్టి పిల్లలు చచ్చిపోవడం ఆగిపోయిందని అబద్ధం చెప్పలేదు. పిల్లలు పోతూనే ఉన్నారు, పోగొట్టుకున్నవాళ్ళు ఎవరో ఒకరితో మాట్లాడాలి కదా.

మా చేబ్రోలు సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉందని నాకు 2019 దాకా తెలియదు. ఆ డిసెంబర్‌లో పేపర్లో వచ్చింది, చేబ్రోలు భీమేశ్వరాలయం బాగుచేస్తుంటే ఒక శాసనం దొరికిందని. శాతవాహన రాజు విజయుడి 4వ పాలన సంవత్సరం, క్రీ.శ. 207, బ్రాహ్మీ లిపిలో సంస్కృతం. తాంబ్రాపె అనే ఊళ్ళో భగవతి శక్తిమాతృక గుడి దగ్గర కార్తికుడు అనే ఆయన ప్రాసాదం, మండపం కట్టించి విగ్రహాలు పెట్టించాడని ఉంది. ఆ తాంబ్రాపె అంటే మన చేబ్రోలే. సప్తమాతృకల, అంటే ఏడుగురు అమ్మతల్లుల, ఆరాధనకు ఇంతవరకు దొరికిన శాసనాల్లో ఇదే పాతదని పురావస్తు శాఖవాళ్ళు ప్రకటించారు. పద్దెనిమిది వందల ఏళ్ళకు పైమాటే! నాయనమ్మ బస్సు దిగి కూరగాయలు కొనుక్కునే ఊరు, చిన్నప్పుడు మేము చతుర్ముఖ బ్రహ్మ గుడి కోనేటి గట్టు మీద కూర్చుని జామకాయలు తిన్న ఊరు, అక్కడే అమ్మతల్లుల కోసం ఒకాయన గుడి దగ్గర మండపం కట్టించి రాయి మీద రాయించాడు. ఆ పేపర్ కటింగ్ నా బీరువాలో ఇప్పటికీ ఉంది. అది చూసేసరికి నాయనమ్మ లేదు, చూపించలేకపోయాను.

ఈ అమ్మ మన ఒక్కరి దగ్గరే లేదు. పాత ఇరాక్ నేలలో, అంటే బాబిలోన్, అస్సిరియా ఉన్నచోట, లమష్తు అని ఒక దేవత ఉండేది, ఆకాశదేవుడు అను కూతురు, సింహపు తల, పక్షి గోళ్ళు, బాలింతల దగ్గర నుంచి పసిపిల్లల్ని లాక్కుపోతుంది. ఆమె బొమ్మ చెక్కిన రాతి తాయెత్తులు చాలా దొరికాయి. వాటి మీద ఆమె పక్కన దువ్వెన, కదురు చెక్కి ఉంటాయి. ఎందుకంటే ఆమెను కొట్టి తరమడమే కాదు, దువ్వెన ఇచ్చి, కదురు ఇచ్చి, దారికి తిండి కట్టి ఇచ్చి పంపించేవారు. ఇది చదివితే మన ఊళ్ళల్లో అమ్మవారికి పసుపు, కుంకుమ, గాజులు, రవికెల గుడ్డ పెట్టి, చల్ది నైవేద్యం పెట్టి, మేళంతో పొలిమేర దాకా సాగనంపడం గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? ఈజిప్టులో సింహపు తల సెఖ్‌మెత్ తెగుళ్ళు పంపే దేవత, ఆమె పూజారులకే వైద్యంలో పేరు. క్రీస్తుకు 14 శతాబ్దాల ముందు మూడో అమెన్‌హోటెప్ అనే రాజు ఆమె రాతి విగ్రహాలు వందల్లో చేయించాడు. రోగం పంపేదీ తీసేదీ ఒక్క చెయ్యే అనే ఆలోచన ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. పిల్లకి ఒళ్ళు కాలిపోతుంటే ఏ తల్లికైనా అలాగే తోస్తుంది.

పాత రోజుల్లో అమ్మతల్లిని కొలిచినచోట ఆడవాళ్ళదే పెత్తనం అని కొందరు చెబుతుంటారు, వినడానికి హాయిగా ఉంటుంది కానీ నేను ఒప్పుకోలేకపోతున్నాను. నాగార్జునకొండలోనే దొరికిన ఇంకో దేవత బొమ్మ ఉంది. ఒంటి మీద బట్ట లేకుండా, కాళ్ళు రెండు వైపులకీ మడిచి, కాన్పు అవుతున్న ఆడమనిషిలా ఉంటుంది. లజ్జాగౌరి అంటారు, దక్కన్‌లో చాలాచోట్ల ఈమెకు తల బదులు తామరపువ్వు ఉంటుంది, ఆలంపురంలో కూడా ఉంది. నాగార్జునకొండ బొమ్మ మీద చిన్న ప్రాకృత శాసనం, దాన్ని చేయించింది ఇక్ష్వాకు మహారాజు ఎహువుల చాంతమూలుడి రాణి ఖండువుల. ఆ రాణి తన గురించి ఏం చెక్కించుకుందో తెలుసా? తాను విధవ కాదని, తన బిడ్డలు బతికి ఉన్నారని. అంతే. పదిహేడు వందల ఏళ్ళ క్రితం ఒక మహారాణి, కావాలంటే ఎన్ని బిరుదులైనా రాయించుకోగలిగిన మనిషి, రాతి మీద రాయించుకున్న గొప్పతనం ఇది. ఆ మాట చదివినప్పుడు నాకు ఆమె అధికారం కనిపించలేదు, ఆమె భయం కనిపించింది. జీవపుత్ర, అంటే బిడ్డలు బతికి ఉన్న తల్లి, అనేది ఒక బిరుదు కావాలంటే ఎంతమంది తల్లులకు ఆ మాట అనుకునే రాత లేదో కదా.

దసరాల్లో మేము కొండకి తప్పకుండా వెళ్తాం. బాలాత్రిపురసుందరి దగ్గర నుంచి రాజరాజేశ్వరి దాకా రోజుకో అలంకారం, మూలానక్షత్రం రోజు సరస్వతీదేవిగా చూడాలని తెల్లవారుజాము నుంచే క్యూ, కింద కృష్ణమ్మ, నాకు ప్రాణం ఆ పది రోజులంటే. కనకదుర్గమ్మ కూడా మహిషుణ్ణి చంపిన తల్లి, ఉగ్రమూర్తే, శాంతించి మన మీద దయ చూపించమనే కదా మనం అడిగేది. కానీ అదే మనుషులు ఊరి చివర పోలేరమ్మ దగ్గరికొచ్చేసరికి "అవి క్షుద్రదేవతలండీ, మనం మొక్కకూడదు" అంటుంటే నాకు చాలా బాధేస్తుంది. మా దగ్గరి బంధువులే అన్నారు, పాపకి బాగోలేనప్పుడే, మా అమ్మ ముందే. క్షుద్రం ఎలా అవుతుంది? చేబ్రోలు శాసనంలో ఉన్న తల్లులు, భారతంలో బిడ్డని చూసి పాలు చేపుకొచ్చిన తల్లులు, విహారంలో భిక్షువుల చేత ముద్ద పెట్టించుకున్న హారీతి, వీళ్ళందరి పక్కనా పసుపు రాసిన ఆ రాయికి కూడా చోటుంది. కోట్లమంది తల్లులు కడుపు తరుక్కుపోయి మాట్లాడిన రాయి అది. ఆ రాయి ముందు నిలబడి చిన్నచూపు చూడాలని నాకైతే ఎన్నడూ అనిపించలేదు.

అలాగని మందులు వద్దన్న మాట నేను అనను, నాయనమ్మ కూడా అనలేదు. టీకాలవాళ్ళు ఊళ్ళోకి వచ్చినప్పుడు అమ్మవారికి కోపమొస్తుందని కొంతమంది పిల్లల్ని గడ్డివాముల వెనక దాచారట. నాయనమ్మ మాత్రం నాన్నని చంకనేసుకుని అందరికంటే ముందు వెళ్ళి నిలబడింది. "ఇద్దరిని తీసుకుంది చాల్లే అని ఆవిడే పంపింది వీళ్ళని" అంది నాతో. నాన్న జబ్బ మీద ఆ టీకా మచ్చ రూపాయి బిళ్ళంత ఉంటుంది. 1975లో మన దేశంలో మశూచి ఆఖరి కేసు, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. పెద్దమ్మవారు వెళ్ళిపోయింది. నాయనమ్మ ఆ తర్వాత కూడా ప్రతి ఏడూ పొంగలి పెట్టడం మానలేదు.

పదకొండో రోజు పాపకి వేపాకూ పసుపూ వేసి ఎండలో కాగిన నీళ్ళతో తలకి పోశాం. ఆ ఆదివారం అందరం ఊరెళ్ళాం. పిన్ని చెప్పినట్టు వేపచెట్టు ఉంది, రోడ్డు దాని చుట్టూ కాస్త ఒంపు తిరిగి పోయింది. అమ్మ పొంగలి వండింది, చల్దన్నం పెరుగు కలిపి నైవేద్యం పెట్టింది, పాప చేతే రాయికి పసుపు రాయించింది. పాప వెంటనే అడిగింది, "ఈ అమ్మేనా నాకు పొక్కులిచ్చింది, ఈ అమ్మేనా తీసేసింది?" అని. అమ్మ ఆవిడే అంది. పాప ఆ రాయిని కాసేపు చూసి, ఇంకొంచెం పసుపు రాసింది.

చెట్టు కిందే విస్తళ్ళు వేసుకుని తిన్నాం. నాన్నకు ఈ గుళ్ళూ మొక్కులూ పెద్దగా పట్టవు, కానీ వచ్చారు, చెప్పులు దూరంగా విడిచి వచ్చి మా పక్కనే కూర్చున్నారు. తింటుండగా కర్ర పోటేసుకుంటూ వెళ్తున్న ఒక ముసలావిడ ఆగి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, ఆ పాత పేరుతో గట్టిగా పిలిచింది. నాన్న ముద్ద పట్టుకునే లేచి నిలబడి పలికారు. పాపకి నవ్వొచ్చింది, "తాతయ్యా, నీ పేరు అది కాదు కదా?" అంది.

"అది అమ్మవారికి చెప్పిన పేరమ్మా" అన్నారు నాన్న. తిన్నాక పాప విస్తరాకు కూడా తన దాంట్లో పెట్టి మడిచి, తనే తీసుకెళ్ళారు.